రాతి చూరు కింద

జైన దేవాలయం అనగానే మనలో చాలామంది కళ్ల ముందు పాలరాయి మెరుస్తుంది. ఆబూ కొండ మీది దిల్వారా, అరావళి లోయలో రణక్‌పూర్. కప్పు నుంచి కిందికి దిగిన రాతి పద్మాలు, వాటి చుట్టూ వలయాలు వలయాలుగా బొమ్మలు, 1444 అని లెక్క చెప్పే స్తంభాలు. ఆ వైభవాన్ని నేను తక్కువ చేయను. ఉక్కు ఫ్యాక్టరీలో కట్టడాల పని చూస్తూ ఉద్యోగమంతా గడిపినవాణ్ని. బరువు ఎక్కణ్నుంచి ఎక్కడికి దిగుతోందో చూసుకోకుండా ఏ కప్పు కిందా నిలబడలేను. రణక్‌పూర్‌లో ఆ బరువును అన్ని కంబాలకూ పంచిన తీరు చూసి చేతులు జోడించాను. అయినా జైనుల వాస్తు నాకు అర్థమైంది అక్కడ కాదు. మా విశాఖపట్నానికి ఉత్తరాన, విజయనగరం దాటాక, నెల్లిమర్ల దగ్గర రామతీర్థం కొండల్లో. అక్కడ పాలరాయి లేదు, కంబాల వరస లేదు, శిఖరం లేదు.

రామతీర్థం అంటే ఈ ప్రాంతంలో అందరికీ రామాలయమే. కొండ కింద కోవెల, బోడికొండ మీద కోదండరాముడు, నవమికి కల్యాణం. ఆ జనసందోహం పక్కనే గురుభక్తుల కొండ, దుర్గ కొండ నిశ్శబ్దంగా ఉంటాయి. 1910 ప్రాంతంలో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. గురుభక్తుల కొండ చరియ మీద బౌద్ధుల స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు ఇటుక ఇటుకా బయటపడ్డాయి. అందుకే ఈ ప్రాంతపు బౌద్ధ క్షేత్రాలైన బావికొండ, తొట్లకొండ, శంకరం చూసినవాళ్లు రామతీర్థాన్ని కూడా బౌద్ధం ఖాతాలో రాసుకుంటారు. కాని ఈ కొండల్లో బౌద్ధుల తర్వాత జైనులు ఉన్నారు. రాతి గుహల్లో, శిథిలాల మధ్య వాళ్ల తీర్థంకరుల ప్రతిమలు మిగిలాయి. నేను వెళ్లింది వాటికోసం.

కొండ మొదట్లో మేకలు తోలుకుంటున్న పెద్దాయన్ని దారి అడిగాను. "బొమ్మలున్నాయి బాబూ, గుడి నేదు. ఏటి సూస్తారు అక్కడ?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. గుడి లేని చోట గుడి కట్టిన తీరు చూడాలనుకోవడం ఏమిటి? పైకి ఎక్కుతున్నంతసేపూ దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

జైన ముని జీవితంలో ఇల్లు లేదు. ఏడాదిలో ఎనిమిది నెలలు నడక. ఇప్పటికీ తెల్లవారుజామున జాతీయ రహదారి మీద, ఆనందపురం వైపో తగరపువలస వైపో, తెల్లబట్టల సాధ్వులు చెప్పుల్లేని కాళ్లతో వరసగా నడిచిపోతూ కనిపిస్తారు. లారీలు పక్కనుంచి హోరుమంటూ వెళుతుంటే వాళ్లు రోడ్డు అంచు పట్టుకుని, చూపు నేల మీద నిలిపి నడుస్తారు. వానాకాలం నాలుగు నెలలు మాత్రం ఆగిపోవాలి. వాన పడితే నేలంతా పురుగు, పుట్ర, మొలక. అడుగు వేస్తే ఏదో ఒక ప్రాణం పోతుంది. ఆగడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు కోసం ఇంకో ప్రాణికి హాని చేయకూడదు. చెట్టు కొట్టకూడదు, మట్టి తవ్వకూడదు, ఇటుక కాల్చకూడదు. ఇన్ని కాదనుకున్నాక మిగిలేది ఒకటే: కొండ తనంతట తాను ఇచ్చిన చూరు. ముందుకు పొడుచుకొచ్చిన బండ, దాని కింద పొడి నేల. జైనుల మొదటి వాస్తు అదే అని నేననుకుంటాను. అక్కడ కట్టినవాడు లేడు. ఎంచుకున్నవాడు ఉన్నాడు.

ఎంచుకోవడం చిన్న విషయం కాదు. ఏ నిర్మాణంలోనైనా సగం తెలివి స్థలం ఎంచుకోవడంలోనే అయిపోతుంది. ఈ కొండల్లో గాలి ఏ దిక్కునుంచి వీస్తుంది, నైరుతి వాన ఏ గుహ నోట్లోకి కొడుతుంది, ఏ బండ కింద నీరు చెమరుస్తుంది, ఊరు భిక్షకు నడిచేంత దగ్గరగా ఉందా, ఊరి గోల వినబడనంత దూరంగా ఉందా. ఇవన్నీ ఎవరో చూసుకున్నారు. తమిళనాట జైనులుండిన గుహల్లో బండ నుదుటి మీద సన్నని గాడి చెక్కి ఉంటుంది. పైనుంచి జారిన వాననీరు గుహలోకి రాకుండా ఆ గాడి దగ్గరే తెగి బయట పడుతుంది. మా ఫ్యాక్టరీ షెడ్లకు చూరు అంచున రేకును కిందికి మడిచేది కూడా ఇందుకే. రెండు వేల ఏళ్ల కింద ఉలితో గీసిన ఒక్క గీత ఇంటి కప్పు చేసే పనంతా చేసింది. ఇంతకంటే పొదుపైన నిర్మాణం నాకు తెలియదు.

ఈ పొదుపుకు మన కళింగ తీరంలో పెద్ద చరిత్రే ఉంది. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి, ఖండగిరి కొండల్లో ఖారవేలుడు క్రీస్తుపూర్వం జైన మునులకోసం గుహలు తొలిపించాడు. మగధ ఎత్తుకుపోయిన కళింగ జిన ప్రతిమను తాను తిరిగి తెచ్చానని హాథీగుంఫా శాసనంలో చెప్పుకున్నాడు. ఆయన చక్రవర్తి. ఏనుగులున్నాయి, ధనముంది, శిల్పులున్నారు. అయినా ఆ గదులు చాలావరకు మనిషి నిటారుగా నిలబడలేనంత పొట్టివి. నేల వెనక వైపు కొంచెం ఎత్తుగా ఉంటుంది; పడుకున్న మునికి తలగడ అదే. బయట వసారాలో ఏనుగుల ఊరేగింపులు, నర్తకులు, వేటలు చెక్కారు. లోపల గోడలు బోసి. రాజు తన వైభవాన్నంతా గుమ్మం బయటే వదిలి, లోపల ముని వ్రతానికి తలవంచాడని ఆ గదుల్లో వంగి తిరిగినప్పుడు తెలుస్తుంది. రాజాజ్ఞతో తయారైన కట్టడంలో ఇంత వినయం నేను ఇంకెక్కడా చూడలేదు.

రామతీర్థంలో ఆ వసారాలు కూడా లేవు. బండ, నీడ, బండకు ఆనించిన తీర్థంకరుడు. ఏ తీర్థంకరుడో పోల్చుకోవడం సులువు కాదు. తలమీద పడగలుంటే పార్శ్వనాథుడు, భుజాల మీద జుట్టు పాయలు పడితే ఋషభనాథుడు, పీఠం మీద సింహముంటే మహావీరుడు. గాలికీ వానకూ అరిగిన రాతిలో పడగ ఏదో, పాయ ఏదో చెప్పలేం. కాని ఆ నిలుపు అరగలేదు. దాన్ని కాయోత్సర్గమంటారు. మన ఆలయాల్లో బొమ్మ నిలబడితే నడుము ఒక పక్కకు వాలుతుంది, మోకాలు వంగుతుంది, చెయ్యి ఏదో చేస్తుంటుంది. తీర్థంకరుడి దేహంలో ఏ వంపూ లేదు. రెండు పాదాల మీదా సమానంగా బరువు. మోకాళ్లు బిగువుగా. చేతులు వేలాడుతున్నాయి, కాని ఒంటికి తగలవు. నడినెత్తి నుంచి తూకంగుండు వదిలితే రెండు మడమల నడుమ పడుతుంది.

కట్టడాల మనిషికి ఇది శిల్పం కంటే ముందు ఒక స్తంభం. రాయి అణిగే బరువును ఎంతైనా మోస్తుంది, వంగే బరువుకు మాత్రం చిట్లుతుంది. నిట్టనిలువుగా ఉన్నంతకాలం రాయికి తిరుగులేదు. కాయోత్సర్గంలో ఉన్న దేహం రాతి స్వభావానికి పూర్తిగా ఒప్పుకున్న దేహం. చిక్కంతా చేతుల దగ్గరే వస్తుంది. చేతికీ నడుముకూ మధ్య ఖాళీ వదిలితే ఆ చెయ్యి భుజం నుంచి సన్నగా వేలాడాలి. రాయి విరిగేది అక్కడే. అందుకే చాలాచోట్ల శిల్పి ప్రతిమను వెనక పలక నుంచి పూర్తిగా విడదీయడు. శ్రవణబెళగొళలో పదో శతాబ్దం చివర చావుండరాయుడు నిలిపిన 57 అడుగుల గోమటేశ్వరుడికి తొడల పైన ఏ ఆసరా లేదు. కింద కాళ్ల చుట్టూ పుట్టలు, పైకి పాకిన తీగలు. తపస్సులో కదలకుండా నిలిచినందుకు పుట్టలు పెరిగాయన్నది కథ. ఆ పుట్టలే కాళ్లకు ఇరువైపులా దన్ను. కథకు ఏది కావాలో కట్టడానికీ అదే కావడం, ఒకదానికోసం మరొకదాన్ని వంచకపోవడం నన్ను ఇప్పటికీ ఆనందంలో ముంచుతుంది.

గుడికి ఏం కావాలి? పైన కప్పు, నడుమ ఒక నిలువు, ముందు నిలబడడానికి జాగా. ఇవి మూడూ ఆ బండ కింద ఉన్నాయి. మేకల పెద్దాయనకు నేను చెప్పాల్సిన జవాబు ఇదే. రణక్‌పూర్ చౌముఖ మందిరంలో కూడా ఉన్నది ఇదే. నాలుగు దిక్కుల వాళ్లకూ ముఖం కనిపించాలని నడుమ నాలుగు వైపులా తీర్థంకరుణ్ని ప్రతిష్ఠించారు, చుట్టూ కంబాల అడవి పెంచారు. అడవిని తీసేసి చూస్తే మిగిలేది నిటారు దేహమూ, దాని మీద నీడా. పాలరాయి చూసి వచ్చినవాళ్లు రామతీర్థం చూడాలి, రామతీర్థం చూసినవాళ్లు పాలరాయి దగ్గరికి మళ్లీ వెళ్లాలి. రెండోసారి అక్కడ వేరే గుడి కనిపిస్తుంది.

రామతీర్థంలోని ఒక గుహ గోడ మీద శాసనం ఉంది. కన్నడంలో ఉంది. దేశిగణమనే జైన ముని సంఘానికి ఆచార్యుడైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు రామకొండకు, అంటే ఇక్కడి కొండకే, భక్తితో మొక్కాడన్నది దాని సారాంశం. ఆయన సర్వలోకాశ్రయ విష్ణువర్ధన మహారాజుకు గురువు. ఆ మహారాజును చరిత్రకారులు వేంగి చాళుక్యుల విమలాదిత్యుడిగా గుర్తించారు. విమలాదిత్యుడు 1011 నుంచి 1018 దాకా ఏలాడు. తెలుగువాళ్లం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన కొడుకు రాజరాజనరేంద్రుడు. నన్నయ్య చేత భారతాన్ని తెనిగింపజేసినవాడు. తెలుగులో ఆదికావ్యానికి ఆసరా ఇచ్చిన రాజు ఇంట్లో, అంతకు ఒక తరం ముందు, జైన గురువు ఉన్నాడు. ఆ గురువు కన్నడ దేశపు ముని పరంపరకు చెందినవాడు. కాలినడకన కాకుండా ఇంకోలా ఇక్కడికి వచ్చి ఉండడు. రామకొండ అప్పటికే పేరున్న తీర్థం కాకపోతే రాజగురువు పనిగట్టుకుని వచ్చేవాడూ కాదు. నన్నయ్యకు ముందు తెలుగు లేదన్నంతగా మనం చదువుకున్నాం. నన్నయ్యకు ముందు ఈ నేల ఎవరెవరి మాటలు విన్నదో ఆ గుహ గోడ చెబుతుంది.

ఈ శాసనం చెక్కాక ఇరవై ఏళ్లు తిరక్కుండానే, 1031లో, ఆబూ మీద దిల్వారాలో విమలషా తన వసహి అనే గుడిని పాలరాతిలో పూర్తి చేశాడు. ఒకే కాలం, ఒకే ధర్మం. అక్కడ కప్పు కనబడనంత చెక్కడం, ఇక్కడ ఉలి దాదాపు తగలని బండ. ఏది గొప్పదని అడగడం నాకిష్టం లేదు. ఏది మన ఇంటి పక్కనుందో మాత్రం మనకు తెలియాలి.

మునికి చూరు చాలు. గృహస్థుకు చాలదు, ఆయనకు గుడి కట్టాలనిపిస్తుంది. దానికి కూడా మా దగ్గరే సాక్ష్యం ఉంది, భోగాపురంలో. ఇవాళ భోగాపురం అంటే అందరి నోటా విమానాశ్రయమే. శక సంవత్సరం 1109లో, అంటే 1187లో, తూర్పు గాంగుల పాలనలో, ఈ ఊళ్లో కన్నమ నాయకుడనే వర్తకుడు ఒక జినాలయం కట్టించాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు. ఏలే రాజు పేరిట రాజరాజ జినాలయం అన్నాడు. గుడి నడవడానికి భూమి ఇచ్చాడు. ఆ భూదానానికి ఊళ్లోని తక్కిన వర్తకుల సమ్మతి తీసుకున్నట్టు శాసనం చెబుతుంది.

ఆ సమ్మతి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డబ్బు తనది, కోరిక తనది. అయినా తోటి వర్తకుల ఒప్పుదల కావాలనుకున్నాడు. పట్నం వ్యాపారం ఎప్పుడూ ఒక్కడి పని కాదు. ఓడ సరుకులో నలుగురి వాటా, నష్టంలో నలుగురి బాధ్యత. చోళుల కాలపు శాసనాల్లో విశాఖపట్నానికి కులోత్తుంగ చోళపట్టణం అనే పేరుంది. అంటే అప్పటికే ఇది వర్తకుల తీరం. జైన గృహస్థులకు పరిగ్రహ పరిమాణమని ఒక వ్రతముంది. ఇంత భూమి, ఇంత ధనం, ఇన్ని పశువులు, ఇంతకు మించి నాకు వద్దు అని హద్దు గీసుకోవాలి. ఆ పైన వచ్చింది దానమే కావాలి. సంపాదించవద్దని చెప్పలేదు, సంపాదన ఎక్కడ ఆగాలో నువ్వే చెప్పుకో అన్నది. దేశమంతటా జైన వర్తకులు కట్టించిన ఆలయాల వెనక ఈ హద్దుగీత కూడా ఉందని నా నమ్మకం. మునికి ఏమీ ఉండకూడదు, వర్తకుడికి మితంగా ఉండాలి. ఇద్దరి మధ్యా పుట్టింది ఆలయం. కన్నమ నాయకుడి గుడిలో ఎన్ని కంబాలున్నాయో, గర్భగుడి ఎంతో, నాకు తెలిస్తే ఎంత బాగుండును! గోడ పోయి మాట మిగిలింది.

ఇక్కణ్నుంచి ఇంకా పైకి వెళితే, 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉన్న కోరాపుట్ కొండల్లో, సుబాయిలో చిన్న చిన్న జైన గుళ్లున్నాయి. బైలదిల్లా నుంచి మా కొలిమిలకు ఇనుప ఖనిజం తెచ్చే రైలు ఆ కొండల మీదుగానే దిగుతుంది. ఉద్యోగమంతా ఆ రాయి కరిగి ఉక్కుగా మారడం చూశాను. ఆ రైలు దాటివచ్చే కొండల రాయి ఎవరి చేతిలోనో తీర్థంకరుడిగా మారిందని ఆలస్యంగా తెలిసింది.

తెలుగు నేల మీద జైనం ఎక్కడికి పోయింది? వీరశైవం, వైష్ణవం ఊపందుకున్నాక చాలా బసదులు, అంటే జైన ఆలయాలు, చేతులు మారాయి. కొన్ని కూలాయి. వేంగి చాళుక్యుల తొలిరోజుల్లో రాణి అయ్యణ మహాదేవి దానమిచ్చిన బెజవాడ నడుంబి వసది ఆనవాలు కూడా మిగల్లేదు. ఆ చరిత్రలో బాధ ఉంది, దాన్ని తుడిచేయకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి కడలాలయ బసది ఉండేది. కాకతి రెండో ప్రోలుడి మంత్రి బేతన భార్య మైలమ కట్టించింది. ఇవాళ అక్కడ పద్మాక్షి అమ్మవారు పూజలందుకుంటోంది, బండ మీద తీర్థంకరులు అలాగే ఉన్నారు, బతుకమ్మ పండుగనాడు గుట్ట కింద నేలంతా ఆడవాళ్లతో, పూలతో నిండిపోతుంది. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టపై, పదో శతాబ్దంలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన చక్రేశ్వరి, జినులు ఉన్నారు. కింద తెలుగు కంద పద్యాలున్నాయి, నన్నయ్యకు ముందువి. కొలనుపాకలో మాత్రం జైనులే తమ గుడిని నిలబెట్టుకున్నారు. పచ్చరాతి మహావీరుణ్ని చూడడానికి ఇప్పటికీ దేశమంతటి నుంచీ వస్తారు.

రామతీర్థానికి అలా వచ్చేవాళ్లు లేరు. కోదండరాముడికి మొక్కి, లడ్డూ ప్రసాదం తీసుకుని, పక్క కొండ పేరు తెలియకుండానే బస్సెక్కుతారు. అది భక్తుల తప్పు కాదు. అక్కడ త్రికాలయోగి వచ్చాడని, ఆయన మొక్కిన కొండ ఇదేనని, నన్నయ్య ప్రభువు తండ్రికి ఆయన గురువని కోవెల వాకిట్లో నాలుగు తెలుగు వాక్యాల ఫలకం పెడితే చాలు, పదిమందిలో ఇద్దరైనా పైకి చూస్తారు. కొండెక్కే దారికి మెట్లు వద్దు, రెయిలింగు వద్దు, సిమెంటు అసలే వద్దు. ఏమీ కట్టకుండా నిలిపిన చోటు అది. ముళ్లకంపలు కొట్టి దారి తేటగా ఉంచితే, వానలకు జారే రాళ్లను ఏటా ఒకసారి చూసుకుంటే సరిపోతుంది. శాసనాన్ని మంచి వెలుతురులో ఫొటో తీసి, తెలుగు అనువాదంతో విజయనగరం పిల్లల చేతుల్లో పెట్టాలి. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన భోగాపురం విమానాశ్రయంలో దిగేవాళ్లకు ఆ పేరు ఎలాగూ కనిపిస్తుంది. పక్కనే ఒక గోడ మీద కన్నమ నాయకుడి దానశాసనానికి అచ్చు నకలు కూడా ఉండాలని నా కోరిక. ఈ ఊరికి దూరదేశాల సరుకూ మనుషులూ కొత్త కాదని అది చెబుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లు పుష్య మాసంలోనో మాఘంలోనో వెళ్లండి, రాయి కాలదు, గాలి పొడిగా ఉంటుంది. విశాఖ నుంచి విజయనగరం, అక్కణ్నుంచి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం. ముందు కోవెలలో దర్శనం చేసుకోండి. పొద్దెక్కకముందే కొండ పట్టండి. ఏటవాలు వెలుతురులో అరిగిన రాతి మీద కూడా భుజం గీత, మోకాలు గీత తేలి కనిపిస్తాయి, మధ్యాహ్నం ఎండలో అవి మాయమవుతాయి. ఊళ్లోవాళ్లను ఒకరిని తోడు తీసుకెళ్లండి, వాళ్లకు ప్రతి బండా తెలుసు. అక్షరాల మీద సుద్ద రుద్దకండి, బొమ్మలకు నూనె పూయకండి, చేతులు కట్టుకుని కాసేపు ఎదురుగా నిటారుగా నిలబడి చూడండి.